మొదటి మూడు నిమిషాలు

అప్పలసూరి చేసింది దొంగతనం కాదు, తాగి చేసిన పనీ కాదు. మంచిదనుకునే చేశాడు. లోకంలో సగం కొంపలు మంచిదనుకుని చేసిన పనుల వల్లే మునుగుతాయి కనక, ఆ ముక్క ముందే చెప్పేస్తే ఆయన మీద అనవసరంగా కోపం రాదు. రావలసిన కోపం తరవాత ఎలాగూ వస్తుంది.

రణస్థలం దాటాక హైవే పక్కన మందుల ఫ్యాక్టరీలు వరసగా ఉంటాయి. వాటిలో ఒకదాంట్లో అప్పలసూరి ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆపరేటరు. పదో తరగతి తప్పి చేరినవాడు, పెద్ద పెద్ద స్టీలు రియాక్టర్ల పక్కన ఆవిరిలో, ఘాటు వాసనల్లో వయసంతా గడిపేశాడు. పంపు చప్పుడు విని దాని బేరింగు ఇంకెన్నాళ్ళుంటుందో చెప్పగలడు. షిఫ్టులో ఏదైనా తేడా వస్తే ఇంజినీర్లు ముందు కంప్యూటర్ చూసేవారు, తరవాత అప్పలసూరి మొహం చూసేవారు. ఆయన "పర్వానేదు" అంటే అందరూ ఊపిరి పీల్చుకునేవారు. తన మాటకున్న ఆ విలువ ఆయనకీ తెలుసు. కొంచెం ఎక్కువగానే తెలుసు.

2016 చివర్లో ఆ ఫ్యాక్టరీకి సుహాసిని వచ్చింది. రాజాం పిల్ల. అక్కడే ఇంజినీరింగు చదివి, హైదరాబాదు లేబరేటరీలో నాలుగేళ్ళు పనిచేసి, అగ్గిపెట్టెంత గాజు పలక ఒకటి పట్టుకుని వచ్చింది. ఆ పలకలో వెంట్రుకల్లాంటి సన్నటి కాలవలు రెండు. ఒక దాంట్లో సారాలో కరిగించిన కొవ్వు వస్తుంది, రెండో దాంట్లో పుల్లటి నీళ్ళలో కలిపిన జీను వస్తుంది. రెండూ కలిసే చోట రెప్పపాటులో కొవ్వు జీనుని చుట్టేసుకుంటుంది. అంతే మందు. ఆ రెప్పపాటు కోసమే ఆ పిల్ల నాలుగేళ్ళు తిండీ నిద్రా మానుకుంది.

సుహాసిని తల్లిదీ, అప్పలసూరి భార్య తవిటమ్మదీ పక్కపక్క ఊళ్ళని మొదటి వారంలోనే తేలింది. మా వైపు చుట్టరికం కలవడానికి అంతకన్నా పెద్ద కారణం అక్కర్లేదు. నలుగురిలో ఆయన ఆమెని "మేడం" అనేవాడు, ఎవరూ లేనప్పుడు "అమ్మా" అనేవాడు. ఆమె మాత్రం ఎవరున్నా లేకపోయినా "మావా" అనే పిలిచేది.

"ఈ మందు ఏటి సేస్తాదమ్మా?" అని ఒకరోజు క్యాంటీన్లో అడిగాడు.

"పొట్లం అనుకో మావా. జీనంటే ఒంటికి పని సెప్పే సీటీ. కొంతమంది పిల్లలకి పుట్టుకతోనే కాలేయంలో ఆ సీటీ ఉండదు. బయట నుంచి పంపుదామంటే దారిలోనే సిరిగిపోతాది. అందుకని కొవ్వులో పొట్లం కట్టి పంపిస్తాం. పొట్లం సిన్నగుండాల. పెద్దదైపోతే కాలేయం పుచ్చుకోదు సరికదా, మనిషికే ముప్పు."

"సిన్నదంటే?"

"నీ తల ఎంట్రికని వెయ్యి సీలికలు సేస్తే, అందులో ఒక సీలికంత."

"నా తల మీద ఎంట్రికలెక్కడున్నాయమ్మా, ఇంకేదైనా సెప్పు," అన్నాడు అప్పలసూరి. ఇద్దరూ నవ్వుకున్నారు.

అయితే ఇల్లలకగానే పండగ కాదు కదా. గాజు పలకలో గంటకి గ్లాసుడు మందు తయారవుతుంది. ముందు జంతువుల మీద, తరవాత పిల్లల మీద పరీక్ష చెయ్యాలంటే వందల లీటర్లు కావాలి. వందల గాజు పలకలు పేర్చి లాభం లేదు. సుహాసిని బొటనవేలంత స్టీలు మిక్సరు ఒకటి చేయించింది. రెండు వైపుల నుంచీ పెద్ద పంపులు రెండు ద్రవాల్నీ తోస్తుంటే, మధ్యలో ఢీకొని, మూడో వైపు నుంచి మందు బయటికి వస్తుంది. ఇది ఒక గిన్నెలో వండి దించుకునే వంట కాదు. మొదలుపెడితే రెండు గంటలు ఆగకుండా పారాలి, పారినంతసేపూ పొట్లాలు ఒకే సైజులో రావాలి. ఏడాది పాటు రాలేదు. ఒకసారి కావలసిన ఎనభై నానోమీటర్లు, ఒకసారి నూట యాభై. సుహాసిని మిక్సరు లోపలి మలుపులు మార్చింది, ద్రవాల పాళ్ళు మార్చింది, చివరికి తన నక్షత్రం కూడా మార్చుకోవాలేమో అనుకునే దాకా వచ్చింది.

అప్పుడు తప్పెక్కడుందో పట్టుకున్నది అప్పలసూరే. పంపు మీద అరచెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని విన్నాడు. "ఇది తోయడం నేదమ్మా, గెంతుతున్నాది," అన్నాడు. ఒక్కో వైపూ రెండేసి పంపులు పెట్టి, ఒకటి తోస్తున్నప్పుడు రెండోది పీల్చుకునేలా కలిపితే ఆ గెంతు పోతుందన్నాడు. పాత ప్లాంటులో ఎప్పుడో అలా చేశారట. కలిపారు. పోయింది. ఎనభై నానోమీటర్లు వచ్చి గోడకి మేకు కొట్టినట్టు నిలబడింది. ఆ రోజు సుహాసిని రాజాం నుంచి స్వీట్లు తెప్పించి గేటు కాపలావాడి దాకా పంచింది.

హైదరాబాదు ఆఫీసు ఒక షరతు పెట్టింది. వరసగా మూడు పరుగులు చక్కగా రావాలి. వస్తే ఆ మందు జంతువుల పరీక్షకి వెళుతుంది, యంత్రం ఇక్కడే ఉంటుంది. ఏ ఒక్కటి తప్పినా, ఈ మిక్సరు పెద్ద ఎత్తున పనికిరాదని రాసి, యంత్రం విప్పి హైదరాబాదు పంపెయ్యాలి. అక్కడ వేరేవాళ్ళు వేరే పద్ధతిలో మళ్ళీ మొదటి నుంచీ మొదలుపెడతారు. సుహాసిని రెండేళ్ళూ ఏట్లో పిసికిన చింతపండే.

ఆ పరుగుల్లో ఒక నియమం ఉంది. మొదటి మూడు నిమిషాల్లో వచ్చిన మందు పారబోయాలి. పంపులన్నీ ఒకేసారి వేగం అందుకోలేవు. అందుకునే దాకా పొట్లాలు చిన్నవీ పెద్దవీ కలగాపులగంగా వస్తాయి. గాజు పలక రోజుల్లో ఆ పారబోసేది ఒక చెంచాడు, ఎవరికీ పట్టలేదు. ఇప్పుడు నిమిషానికి లీటరు. మూడు లీటర్లు, గంజి తేటలా నీలం కలిసిన తెల్లటి నీళ్ళు, బుడబుడమని డ్రెయిన్ గొట్టంలోకి పోవాలి. మూడు నిమిషాలయ్యాక వాల్వు ఎర్ర హ్యాండిలు తిప్పితే అప్పుడు ట్యాంకులోకి వెళుతుంది. ఆ హ్యాండిలు అప్పలసూరి చేతిలో ఉంది.

మొదటి రెండు పరుగుల్లోనూ ఆయన గడియారం చూసి కచ్చితంగా మూడు నిమిషాలు వదిలాడు. వదిలినంతసేపూ పోయిన లీటర్లు లెక్కపెట్టుకుంటూనే ఉన్నాడు. ఆ రెండూ బ్రహ్మాండంగా వచ్చాయి. మూడోది డిసెంబరు రెండో వారంలో, మంగళవారం అనుకున్నారు.

దానికి ముందు ఆదివారం అప్పలసూరి కళ్ళంలో నూర్పు. ఉన్నది రెండెకరాలే. అమ్మకానికి పోయే ధాన్యం బస్తాల్లో తూకానికి వెళుతుంది కానీ, ఇంటికి దాచుకునే గింజలు తవిటమ్మ ఇప్పటికీ కుంచంతోనే కొలిపిస్తుంది. మొదటి కుంచాన్ని ఒకటి అనరు. "లాభం" అంటారు. ఆ తరవాత రెండు, మూడు, నాలుగు. ఆ ఇంట్లో లాభం కుంచాన్ని ఎవరికీ చేబదులివ్వరు, నేల మీద గింజ పడనివ్వరు. రెండు చేతులా పట్టుకుని ముందు దాన్నే బుట్టలో పోస్తారు. మొదటిది ఇంట్లోకి రాకపోతే వెనకాల వచ్చేది నిలవదని అప్పలసూరి తాత నాటి నుంచీ నమ్మకం. ఆ ఆదివారం అప్పలసూరే కొలిచాడు. "లాభం" అంటున్నప్పుడు డ్రెయిన్ గొట్టం గుర్తొచ్చి కుంచాన్ని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు.

మంగళవారం పొద్దున్న తొమ్మిదింటికి మూడో పరుగు మొదలైంది. తల నుంచి కాలి దాకా తెల్ల తొడుగులు, కళ్ళు మాత్రమే కనిపిస్తాయి. సుహాసిని అద్దాల గోడకి అవతల నమూనాల దగ్గర ఉంది. పక్క గదిలో కంప్యూటర్ ముందు రమేష్‌బాబు అనే కుర్ర ఇంజినీరు పంపుల గీతలు చూస్తున్నాడు. పంపులు తిరిగాయి. ప్రెజర్ ముల్లు లేచింది, ఊగింది, నలభై సెకన్లకి నిలబడింది. గొట్టంలో తెలుపు వచ్చింది, మొన్న చూసిన తెలుపే. ఇరవై ఎనిమిదేళ్ళుగా అప్పలసూరికి ముల్లు నిలబడితే పని నిలబడ్డట్టే లెక్క. ఆ ముల్లు ఒక వైపు పంపులదేననీ, రెండో వైపు పంపులకి ఇంకా రెండు నిమిషాలు పడుతుందనీ సుహాసిని ఎన్నోసార్లు చెప్పింది. కాగితం మీద రాయించి గోడకి అంటించింది కూడా, ఇంగ్లీషులో.

'లాభం' అనుకుని ఎర్ర హ్యాండిలు ట్యాంకు వైపు తిప్పేశాడు.

మనసు తేలికపడింది. రికార్డు పేజీలో "డ్రెయిన్: మూడు నిమిషాలు" అని పొద్దున్నే రాసి సంతకం పెట్టేశాడు. అదీ పాత అలవాటే. షిఫ్టు మధ్యలో తొడుగు చేతులతో కలం పట్టుకోవడం చిరాకని, ఎలాగూ జరగబోయేది ముందే రాసేసుకోవడం.

రెండు గంటలూ సాఫీగా నడిచింది. సారా తీసేశారు. మధ్యాహ్నం ఆఖరి వడపోత మొదలుపెట్టారు. సూక్ష్మజీవి కూడా దూరలేని సన్నటి రంధ్రాల ఫిల్టరు అది. సరైన సైజు పొట్లాలు దాంట్లోంచి హాయిగా దిగిపోతాయి. ముందు రెండు పరుగుల్లో ముప్పావు గంటలో దిగిపోయాయి. ఈసారి పది లీటర్లకే ముల్లు పైకి పాకింది. ఇరవైకి చుక్క కూడా రాలేదు. ఫిల్టరు మార్చారు. కొత్తదీ పావుగంటలో మూసుకుపోయింది. సుహాసిని మాస్కు పైన కళ్ళు ఎర్రబడ్డాయి. మైక్రోస్కోపుకి కూడా అందని పొట్లాల సైజు కొలిచే యంత్రం ఉంటుంది, అందులో నమూనా పెట్టి చూస్తే తెర మీద గీతలో ఒక గుట్ట కనిపించాల్సిన చోట రెండు గుట్టలు కనిపించాయి. ఎనభై దగ్గర పెద్దది, ఎక్కడో దూరంగా చిన్నది.

ఆమె పరుగెత్తినట్టే వచ్చింది. రమేష్‌బాబూ, ఇంకో ఇద్దరూ అక్కడే ఉన్నారు.

"మావా, మొదటి మూడు నిమిషాలూ డ్రెయిన్‌కే ఒగ్గేవు కదా?"

"ఒగ్గేనమ్మా," అంది అప్పలసూరి నోరు.

నోరే అంది. ఆయన ఇంకా ఆలోచించలేదు. పేజీలో అలాగే రాసి ఉంది, నలుగురూ చూస్తున్నారు, తన మాట అంటే అందరికీ గురి. అంత చిన్న సందులోంచి అబద్ధం జారిపోయింది. రెండు లీటర్ల ముందుమందు నూట ఇరవై లీటర్లని పాడుచేస్తుందా అని ఆ సాయంత్రం కంపెనీ బస్సులో తనకి తనే నచ్చజెప్పుకున్నాడు. కుండెడు పాలకి ఎంత విషం కావాలో రైతు మనిషికి తెలియక కాదు.

మర్నాడు పొద్దున్న ఆమె ఒంటరిగా వచ్చి మళ్ళీ అడిగింది. "కోప్పడకు మావా. కంప్యూటర్లో వాల్వు నలభై రెండు సెకన్లకే తిరిగినట్టున్నాది. ఏటైనా పొరపాటున సెయ్యి తగిలిందేమో గుర్తు తెచ్చుకో." చెప్పడానికి అంతకన్నా మంచి దారి ఎవరూ వెయ్యరు. పొరపాటున చెయ్యి తగిలిందంటే సరిపోయేది. అప్పలసూరి ఈసారి ఆలోచించే అన్నాడు: "నేదమ్మా. మూడు నిమిషాలూ ఒగ్గేను."

శుక్రవారం మీటింగు. పొద్దున్న లోపలికి వెళ్ళేముందు ఆమె ఇంకొక్కసారి నోరు తెరవబోయింది. ఈసారి అప్పలసూరికి కోపం వచ్చింది. తప్పు చేసినవాడికి వచ్చే కోపానికి సాటి లేదు. "ఎన్నిసార్లడుగుతావమ్మా? నా మాట మీద నీకు నమ్మకం నేదేటి?" అన్నాడు గట్టిగా.

సుహాసిని మొహం చిన్నబోయింది. "తప్పయిపోనాది మావా. మరి అడగను," అంది. అని తలొంచుకుని లోపలికి వెళ్ళింది.

మీటింగులో ఫ్యాక్టరీ మేనేజరు జగన్నాధం గారూ, హైదరాబాదు నుంచి క్వాలిటీ చూసే అనూరాధ గారూ కూర్చున్నారు. అప్పలసూరి తలుపు దగ్గర నిలబడ్డాడు. రమేష్‌బాబు గోడ మీద కంప్యూటర్ గీత చూపించాడు. వాల్వు నలభై రెండు సెకన్లకి తిరిగిందని ఆ గీత చెబుతోంది. రమేష్‌బాబు గొంతు సవరించుకుంటూ ఊరికే తలుపు వైపు తిరిగి చూశాడు, అంతే. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు అప్పలసూరి చెయ్యి చొక్కా కాలరు మీదికి పోయింది.

"ఆ వాల్వు సెన్సరు జూన్‌లో రెండుసార్లు తప్పు చూపించిందండీ," అంది సుహాసిని. "మూడు నిమిషాలూ వదిలానని అప్పలసూరి గారు చెబుతున్నారు. ఆ సెన్సరు కంటే ఆయన మాట నాకు గట్టిది."

అనూరాధ గారు కళ్ళజోడు తీసి ఆమెని చూశారు. "నువ్వేమంటున్నావో తెలుస్తోందా సుహాసినీ? వాల్వు సరిగ్గానే నడిచిందంటే, ఇంక మిగిలేది నీ మిక్సరే."

రెండేళ్ళ కష్టాన్ని ఒక పళ్ళెంలోనూ, తలుపు దగ్గర నిలబడ్డ మనిషిని ఇంకో పళ్ళెంలోనూ పెట్టి ఆ పిల్ల తూచుకుంది.

"అయితే మిక్సరే అయుంటుందండీ," అంది.

జగన్నాధం గారు అప్పలసూరి వైపు తిరిగారు. "ఏమయ్యా, నువ్వేమైనా చెప్పాలా?"

"పేపర్లో రాసినట్టేనండి," అన్నాడు అప్పలసూరి.

ఆ మాట అన్నందుకు ఆయన్ని ఎవరేమన్నా నేను అడ్డు రాను.

ఆదివారం మధ్యాహ్నం తవిటమ్మ అన్నం పెట్టింది. ఆయన కలిపిన ముద్ద కలిపినట్టే ఉంది. "ఏటైనాది? నాలుగు రోజులై సూస్తన్నాను, మెతుకు దిగట్నేదు నీకు," అంది. అప్పలసూరి మొత్తం చెప్పేశాడు. కళ్ళంలో కొలిచిన కుంచం దగ్గర మొదలుపెట్టి తలుపు దగ్గర అన్న మాట దాకా. పెళ్ళయిన ముప్పై ఏళ్ళలో ఆవిడ ముందు అంతసేపు ఎప్పుడూ మాట్లాడలేదు.

తవిటమ్మ చేతిలో గరిటె కింద పెట్టింది. "సెప్పీస్తే ఉద్యోగం పోతాదేటి?" అంది.

"పోవచ్చు."

"మరైతే ఒగ్గీ. ఇరవై ఎనిమిదేళ్ళ పేరు నీది. ఊళ్ళో తలెత్తుకోవాల. ఆ పిల్ల సదువుకున్నాది, ఎక్కడో దగ్గర బతుకుతాది. నీకీ వయసులో ఎవులిస్తారు పని?"

నాలుగు రోజులుగా అప్పలసూరి తనలో తను అనుకుంటున్నది సరిగ్గా ఇదే. అక్షరం తేడా లేదు. తన మనసులో ఉన్నప్పుడు న్యాయంలా ఉన్న మాట, ఇంకొకరి నోట వినేసరికి ఎంత నీచంగా ఉందో అప్పుడు తెలిసింది. ఆవిడ మీద కోపం రాలేదు. ఆవిడ తన మనిషి కనక అలా అంది. తనే పళ్ళెంలో చెయ్యి కడిగేసుకుని లేచాడు.

సోమవారం వెళ్ళేసరికి యంత్రం విప్పడం మొదలైపోయింది. ఫిట్టర్లు పంపుల బోల్టులు ఊడదీస్తున్నారు. సుహాసిని ఆ బొటనవేలంత మిక్సరుని మెత్తటి గుడ్డలో చుట్టి పెట్టెలో పెడుతోంది. ఆయన్ని చూసి నవ్వింది. ఏడిచి మొహం కడుక్కున్నాక వచ్చే నవ్వు.

"రా మావా. నీ పంపులు మాత్రం సక్కగా పనిసేసేయి, రిపోర్టులో అదే రాసేను. తప్పంతా నా మిక్సరుదే. నిన్న మా అమ్మతో అన్నాను, మావ ఇంత సాయం సేస్తే నాను నిలబెట్టుకోనేకపోనాను అని."

అది విని తట్టుకునే మనిషి ఉంటే ఉండొచ్చు. అప్పలసూరి తట్టుకోలేకపోయాడు.

"ఒగ్గనేదమ్మా," అన్నాడు.

"ఏటి?"

"మూడు నిమిషాలు ఒగ్గనేదు. ముల్లు నిలబడిపోనాదనీసి నలభై సెకన్లకే తిప్పీసేను. మొదట వొచ్చింది పారబొయ్యడానికి సెయ్యి రానేదు. పేపర్లో పొద్దున్నే రాసీసేను. ఆ కంప్యూటర్ సెప్పిందే నిజిం. నీ మిక్సర్‌లో ఏ తప్పూ నేదు."

ఫిట్టరు స్పానరు ఆగిపోయింది. సుహాసిని చేతిలో ఉన్న గుడ్డ మడత సరిచేసింది, మళ్ళీ సరిచేసింది.

"రెండుసార్లు అడిగేను," అంది చివరికి.

"అడిగేవు."

"మూడోసారి అడగబోయినందుకు నానే తప్పయిపోనాదన్నాను."

"అన్నావమ్మా."

ఆమె మిక్సరుని పెట్టెలో పెట్టకుండా చేత్తోనే పట్టుకుని జగన్నాధం గారి గదికి నడిచింది. అప్పలసూరి వెనకాలే నడిచాడు. ఆ వరండా పొడవు ఆయనకి అంతకుముందు ఎప్పుడూ తెలియలేదు.

తరవాత జరిగినవన్నీ కాగితాల మీద జరిగాయి. అప్పలసూరి ఒప్పుకుని రాసిచ్చాడు. కారణం దొరికింది కనక మిక్సరుకి తప్పు లేదని తేలింది, ఇంకొక్క పరుగుకి హైదరాబాదు ఒప్పుకుంది. అప్పలసూరికి పదిహేను రోజుల సస్పెన్షను. "ఇన్నేళ్ళలో ఇంకెన్ని పేజీలు ముందే రాశావ్?" అని ఫోన్లో అనూరాధ గారు అడిగితే లెక్క తెలీదన్నాడు. గత రెండేళ్ళలో ఆయన సంతకం ఉన్న రికార్డులన్నీ బయటికి తీసి కంప్యూటర్ గీతల పక్కన పెట్టి చూడమన్నారు. ఆ పని రమేష్‌బాబుకి పడింది. అదంతా అప్పలసూరి ఓర్చుకున్నాడు. కానీ ఒక సంగతి మాత్రం రమేష్‌బాబు నోట ఆలస్యంగా తెలిసింది. సుహాసినికి కూడా మెమో ఇచ్చారట. ఆధారం కళ్ళ ముందుండగా దాన్ని పక్కన పెట్టి మనిషి మాట నమ్మినందుకు. ఆ రోజు అప్పలసూరి కళ్ళం గట్టు మీద పొద్దు వాలే దాకా కూర్చున్నాడు. తను అబద్ధమాడితే శిక్ష పడడం న్యాయం. తనని నమ్మినందుకు ఇంకొకరికి శిక్ష పడడం ఏ న్యాయమో ఎంత తన్నుకున్నా అంతుపట్టలేదు.

జనవరి ఆఖర్లో యంత్రం మళ్ళీ బిగించారు. పంపుల దగ్గరికి ఎవర్ని పెడదామని జగన్నాధం గారు అడిగితే, సుహాసినే అప్పలసూరి పేరు చెప్పింది. "ఆ చప్పుడు ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదండీ," అందట. ఇది విని అప్పలసూరి ప్రాణం లేచొచ్చింది. పొద్దున్న తొడుగులు వేసుకుంటుంటే ఆమె వచ్చి, "సూరి గారూ, రెండో వైపు పంపులు ఒకసారి చెయ్యి పెట్టి చూడండి," అంది. మర్యాదగానే అంది. లేచిన ప్రాణం మళ్ళీ కింద కూర్చుంది.

పంపులు తిరిగాయి. ముల్లు నలభై సెకన్లకి నిలబడింది. అప్పలసూరి ముల్లు చూడలేదు. గోడ గడియారం ఒక్కటే చూశాడు. తెల్లటి నీళ్ళు డ్రెయిన్‌లోకి పోతూనే ఉన్నాయి. నిజం చెప్పాలంటే పారబోస్తున్నామన్న బాధ ఈసారి కూడా తగ్గలేదు, చెయ్యి మాత్రం కదల్లేదు. మూడు నిమిషాల ఎనిమిది సెకన్లకి హ్యాండిలు తిప్పాడు. తిప్పాకే కలం తీసుకుని, తొడుగు చేతులతో వంకరటింకరగా, మూడు నిమిషాల ఎనిమిది సెకన్లు అని రాసి సంతకం పెట్టాడు.

మధ్యాహ్నం ఫిల్టరు ముల్లు కదల్లేదు. మందు మొత్తం ముప్పావు గంటలో దిగిపోయింది. నమూనా పెడితే ఒకటే గుట్ట, ఎనభై ఒకటి దగ్గర. రమేష్‌బాబు చప్పట్లు కొట్టాడు. అవతల గదిలో ఎవరో ఈల కూడా వేశారు. సుహాసిని కుర్చీలో కూలబడి రెండు చేతులతో మొహం కప్పుకుంది. చాలాసేపటి తరవాత చేతులు తీసింది. మొహం కడిగినట్టుంది.

ఇంక రికార్డు మీద సంతకాలు మిగిలాయి. కొత్త రూలు ప్రకారం ఆపరేటరు రాసిన ప్రతి అంకెనీ ఇంజినీరు కంప్యూటర్ గీతతో పోల్చి చూసి, అప్పుడు పక్కన సంతకం పెట్టాలి. డ్రెయిన్ పేజీ తెరిచి అప్పలసూరి ఆమె ముందు పెట్టాడు. కంప్యూటర్ పక్క గదిలో ఉంది, అద్దం లోంచి కనిపిస్తూనే ఉంది. ఆమె ఆ అంకె చూసింది, ఆయన్ని చూసింది. లేచి వెళ్ళి ఆయన మాటని ఆయన ఎదురుగానే తూకం వెయ్యడానికి సిగ్గుపడిందో, మంచి రోజున ఇంకొకర్ని నొప్పించడం ఎందుకనుకుందో, కలం మూత తీసి సంతకం పెట్టబోయింది.

అప్పలసూరి పేజీ మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"సూసి సంతకం ఎట్టమ్మా."

"పర్వాలేదులెండి. ఫిల్టరే చెబుతోంది కదా."

"ఫిల్టరు సెప్పనీ, ఎవులైనా సెప్పనీ. నా మాట మీద ఎట్టొద్దు. ఒకసారి ఎట్టి మెమో తిన్నావు. ఎల్లి సూసి రా. నానిక్కడే ఉంటాను."

సుహాసిని ఆయన మొహంలోకి చూసింది. కలం అక్కడే పెట్టి పక్క గదిలోకి వెళ్ళింది. అప్పలసూరి అద్దం ఇవతల నిలబడి చూస్తున్నాడు. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. తెర మీద ఆ పూట గీత తెరిచి, మొదట్లో వేలు పెట్టింది. సగంలో లేచి, చాల్లే అనుకుని తిరిగి వచ్చేస్తుందేమోనని ఆయన మనసులో ఒక మూల ఆశ పడ్డాడు. ఆమె లేవలేదు. గీతని మొదటి నుంచీ చివరి దాకా నెమ్మదిగా చూసి, అప్పుడు వచ్చి సంతకం పెట్టింది.